జోన్స్ రిడక్టర్‌లో మాలిబ్డినం ఎప్పుడూ తక్కువే వస్తోంది: తప్పు కాలమ్‌దా, నా చేతిదా?

స్వర్ణముఖి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టులో మాలిబ్డినం ఎంతుందో కొలవాలి. మా ల్యాబ్‌లో పెద్ద మెషీన్లేవీ లేవు కాబట్టి పాత పద్ధతే: జింకు అమాల్గం (పాదరసం పట్టించిన జింకు) కాలమ్, అంటే జోన్స్ రిడక్టర్, ఆ తర్వాత పర్మాంగనేట్‌తో టైట్రేషన్.

జింకు రవ్వను పలుచని హెచ్‌సీఎల్‌తో కడిగాను. 2 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణంలో పది నిమిషాలు కలిపి, నీళ్లతో బాగా కడిగి, గాజు దూది మీద కాలమ్ కట్టాను. శాంపిల్‌గా శుద్ధమైన అమ్మోనియం మాలిబ్డేట్ 0.15 గ్రాములు, 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి పంపించాను. కింద కోనికల్ ఫ్లాస్కులో పట్టి 0.02 మోలార్ పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేశాను.

లెక్క ప్రకారం 25.5 ఎం.ఎల్. రావాలి. నాకు మూడుసార్లు వచ్చినవి 23.1, 22.4, 23.9. కాలమ్ కొసన ఆకుపచ్చగానే దిగుతోంది, ఫ్లాస్కులో పడ్డాక కాసేపటికి గోధుమ రంగుకి తిరుగుతోంది. వారం రోజులుగా ఇదే పని. శుద్ధమైన ఉప్పుకే లెక్క తేలకపోతే అసలు శాంపిల్ ఎలా చేయాలో అర్థం కాక టెన్షన్‌గా ఉంది.

పాత బ్యూరెట్ | సోమవారం, రాత్రి 10:15

అమ్మా, రెండే ప్రశ్నలు. కింద ఫ్లాస్కులో ముందుగా ఏమైనా పోసి పెట్టావా, ఖాళీ ఫ్లాస్కేనా? కాలమ్ కొస ఫ్లాస్కులోని ద్రవంలో మునిగి ఉందా, పైనుంచి చుక్కలు పడుతున్నాయా?

స్వర్ణముఖి | సోమవారం, రాత్రి 10:22

ఖాళీ ఫ్లాస్కే సార్. పైనుంచే చుక్కలు పడుతున్నాయి.

పాత బ్యూరెట్ | మంగళవారం, ఉదయం 6:05

అయితే నీ కాలమ్ మంచిదే. నీ చెయ్యీ మంచిదే. తింటున్నది గాలి.

చిత్తూరులో ముప్పై ఏళ్లకు పైగా ప్రాక్టికల్స్ చేయించి రిటైరయ్యాను. ఇలాంటి రీడింగులు చూడగానే నేను మొదట చూసేది అవి ఎంత తక్కువొచ్చాయని కాదు, ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయని. పర్మాంగనేట్ గాఢత తప్పయితే మూడూ ఒకే మేరకు తగ్గుతాయి. నీవి 22.4 నుంచి 23.9 దాకా చెదిరిపోయాయి. ఫ్లాస్కు ఎంతసేపు ఆగింది, నువ్వెంత గట్టిగా తిప్పావు, ఫ్యాన్ తిరుగుతోందా అన్నదాన్ని బట్టి మారే తప్పు ఇది.

సంగతేమిటంటే, జింకు అమాల్గం మాలిబ్డినాన్ని +6 ఆక్సీకరణ స్థితి నుంచి ఏకంగా +3కి దించేస్తుంది. పరమాణువుకు మూడు ఎలక్ట్రాన్లు. ఆ +3 స్థితి గాలి తగిలితే నిలవదు. నువ్వు బ్యూరెట్ సరిచేసుకునే లోపే ఆక్సిజన్ వచ్చి కొన్ని ఎలక్ట్రాన్లు పట్టుకుపోతుంది. మిగిలినవాటినే పర్మాంగనేట్ లెక్కపెడుతుంది.

దీనికి మందు ఫెర్రిక్ ఆలమ్, అంటే ఇనుము +3 ఉన్న ఉప్పు. ఫ్లాస్కులో ఫెర్రిక్ ఆలమ్ ద్రావణం, కావలసినదానికంటే బాగా ఎక్కువగా పోసి, అందులో కొంచెం ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి పెట్టు. కాలమ్ కొస ఆ ద్రవంలో మునగాలి. దిగిన మాలిబ్డినం +3 గాలి ముఖం చూడకముందే ఫెర్రిక్ ఇనుముకి రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేసి +5 దగ్గర కుదురుకుంటుంది. ఇనుము ఫెర్రస్ అవుతుంది. ఆమ్లంలో ఫెర్రస్ ఇనుమూ, మాలిబ్డినం +5 కూడా నువ్వు టైట్రేషన్ ముగించేదాకా నమ్మకంగా ఉంటాయి. పర్మాంగనేట్ వచ్చి ఫెర్రస్ నుంచి రెండు, మాలిబ్డినం నుంచి ఒకటి తీసుకుంటుంది. మొత్తం మళ్లీ మూడే. లెక్క మారదు: 0.02 మోలార్ పర్మాంగనేట్ 1 ఎం.ఎల్.కి 3.198 మిల్లీగ్రాముల మాలిబ్డినం. ఫాస్ఫారిక్ ఆమ్లం ఫెర్రిక్ పసుపును చంపుతుంది, ఎండ్ పాయింట్ గులాబీ రంగు కంటికి ఆనుతుంది.

ఇంకొక మాట. కాలమ్‌లో జింకు పైన ఎప్పుడూ ద్రవం నిలిచి ఉండాలి. ఒక్కసారి ఎండితే లోపలికి గాలి పోతుంది, ఆ ఆక్సిజన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది, అప్పుడు తప్పు ఇంకోవైపు తిరుగుతుంది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు కాలమ్ నిండా నీళ్లు పోసి మూత పెట్టి పో.

శాంపిల్ పంపినట్టే ఉత్త ఆమ్లం పంపి బ్లాంక్ కూడా తియ్యి. జింకులో ఇనుము జాడ ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది.

కపిలతీర్థం | మంగళవారం, ఉదయం 8:30

సార్, నాదొక చిన్న ప్రశ్న. నేనూ ఎమ్మెస్సీనే, మొదటి ఏడాది. ఎలక్ట్రాన్లు ఇచ్చేది జింకే కదా, మధ్యలో పాదరసం ఎందుకు? ఉత్త జింకు రవ్వ సరిపోదా? పుస్తకంలో "అమాల్గం చేయవలెను" అని ఉంది, ఎందుకో లేదు.

పాకాల జంక్షన్ | మంగళవారం, రాత్రి 11:50

ఈ ప్రశ్నకు నేను రాస్తాను. పీహెచ్‌డీ ఇనార్గానిక్‌లో చేస్తున్నాను, అమాల్గాలతోనే నా రోజు గడుస్తుంది.

ఉత్త జింకును ఆమ్లంలో వేస్తే ఏమవుతుంది? బుసబుసా హైడ్రోజన్. అంటే జింకు తన ఎలక్ట్రాన్లను మాలిబ్డినానికి ఇవ్వకుండా ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లకి ఇచ్చేస్తోంది. జింకు దండగ, పైగా బుడగలతో కాలమ్ మధ్యలో ఖాళీలు. పాదరసం పూత ఉంటే ఇది దాదాపు ఆగిపోతుంది. పాదరసం ఉపరితలం మీద హైడ్రోజన్ వాయువు పుట్టడం చాలా కష్టం, దానికి అదనంగా ఒక వోల్టు దాకా తోపు కావాలి. దీన్నే హైడ్రోజన్ ఓవర్‌వోల్టేజ్ అంటాం. మాలిబ్డినం, ఇనుము, వెనేడియం లాంటి అయాన్లకు ఆ అడ్డు లేదు, అవి వచ్చి ఎలక్ట్రాన్లు తీసుకుపోతాయి.

ఇంతవరకు చాలా చోట్ల రాసి ఉంటుంది. నాకు ఎక్కువ ఇష్టమైన సంగతి దీని తర్వాతది. పాదరసంలో కలిస్తే జింకు బలం తగ్గదా? దాదాపు తగ్గదు. జింకు ప్రమాణ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లు ఇచ్చే బలానికి కొలత, ఎంత మైనస్ అయితే అంత బలం) మైనస్ 0.76 వోల్టులు, అమాల్గంలోనూ దానికి దగ్గరగానే ఉంటుంది. కానీ సోడియం విషయం చూడండి. సోడియం లోహానిది మైనస్ 2.71. సోడియం అమాల్గానిది సుమారు మైనస్ 1.8. దాదాపు ఒక వోల్టు మాయం!

ఎక్కడికి పోయింది? అమాల్గం చేసేటప్పుడు కళ్లతో చూడొచ్చు. జింకును పాదరసంతో తడిపితే ఏమీ జరగనట్టు నెమ్మదిగా మెరుపు ఎక్కుతుంది, అంతే. సోడియం ముక్కను పాదరసంలో గుచ్చితే భగ్గుమంటుంది. నైట్రోజన్ కింద, ఫ్యూమ్‌హుడ్‌లో, కందిగింజంత ముక్కలుగా వేస్తేనే ఫ్లాస్కు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. సోడియం, పాదరసం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని సమ్మేళనాలు కడతాయి. ఆ కట్టడంలో వేడిగా వెళ్లిపోయిన శక్తే తర్వాత పొటెన్షియల్‌లో కనపడకుండా పోయేది. జింకు పాదరసంలో కరుగుతుంది తప్ప దానితో గట్టి బంధం పెట్టుకోదు, అందుకే దాని బలం దాని దగ్గరే ఉంటుంది.

కాబట్టి రెండు చోట్లా పాదరసం చేసే పని వేరు. జింకు విషయంలో అది హైడ్రోజన్‌కి అడ్డం నిలబడుతుంది. సోడియం విషయంలో దూకుడు తగ్గిస్తుంది. ఎమిల్ ఫిషర్ 1890ల ప్రాంతంలో చక్కెరల మీద పనిచేసినప్పుడు లాక్టోన్లను చక్కెరలుగా మార్చడానికి సోడియం అమాల్గమే వాడాడు. ఉత్త సోడియం నీళ్లలో వేస్తే మంట తప్ప చక్కెర రాదు. 1913లో క్లెమెన్సెన్ జింకు అమాల్గాన్ని గాఢ హెచ్‌సీఎల్‌తో వాడి కీటోన్ల నుంచి ఆక్సిజన్ మొత్తాన్ని తీసేశాడు. అంత ఆమ్లంలో ఉత్త జింకయితే చాలా భాగం హైడ్రోజన్‌కే ఖర్చయిపోతుంది.

కపిలతీర్థం | బుధవారం, ఉదయం 7:10

అన్నా, రెండేళ్లుగా ఓవర్‌వోల్టేజ్ అని బట్టీ పట్టానే తప్ప దీనికీ దానికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్.

నీవా తీరం | బుధవారం, మధ్యాహ్నం 1:20

నేను కెమిస్ట్రీ చదువుకున్నవాణ్ని కాను. చిత్తూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో అటెండరుగా చేశాను. పాదరసం మాట వచ్చింది కాబట్టి పిల్లలకు ఒకటి చెప్పాలి.

కొత్తలో ఒకసారి ఇలాంటి కాలమ్ కట్టేటప్పుడు జింకు రవ్వ కడిగిన గిన్నె నేను తోమాను. చేతికి పెళ్లి ఉంగరం ఉంది. ఒక పక్క తెల్లగా వెండిలా అయిపోయింది. సబ్బుతో రుద్దాను, చింతపండుతో రుద్దాను, పోలేదు. బజారువీధిలో ఆచారి దగ్గరకి తీసుకుపోతే ఆయన ఒక్క చూపు చూసి "రసం తగిలిందా?" అన్నాడు. కాల్చితే పోతుంది గానీ ఆ పొగ పీల్చకూడదని, పెరట్లోకి తీసుకుపోయి గాలికి ఎదురు నిలబడకుండా కాల్చాడు. రంగు తిరిగి వచ్చింది, కానీ ఆ చోట బంగారం గరుకుగా ఉండిపోయింది. ఇప్పటికీ వేలితో తడిమితే తెలుస్తుంది.

ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టి అమాల్గం పని చేయండమ్మా. ఇంట్లో మాత్రం ఎవరూ కాల్చొద్దు.

ఎర్రనేల | బుధవారం, సాయంత్రం 6:45

పెద్దాయన మాట పట్టుకునే నేను గట్టిగా ఒక మాట అంటాను. ఈ కాలమ్‌ను ఇంకా ఎందుకు నేర్పిస్తున్నాం?

చిత్తూరు దగ్గర భూసార పరీక్షల్లో పనిచేస్తాను. మెర్క్యురిక్ క్లోరైడ్ ఘోరమైన విషం. కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? నేను చదువుకున్న రోజుల్లో సింకులోకే పోసేవాళ్లం, ఎవరూ వద్దనలేదు. తలచుకుంటే ఇప్పుడు బాధగా ఉంటుంది. మే నెలలో మన ల్యాబ్‌లు 40 డిగ్రీలు దాటుతాయి. 20 నుంచి 30 డిగ్రీలకు పోతేనే పాదరసం ఆవిరి పీడనం రెట్టింపు దాటుతుంది. పాదరసాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం 2013లో కుదిరింది, 2017 నుంచి అమల్లో ఉంది, 2018లో మన దేశం కూడా ఆమోదించింది. సోడియం అమాల్గం మీద నడిచే కాస్టిక్ సోడా ప్లాంట్లే పాదరసం వదిలేసి మెంబ్రేన్ పద్ధతికి మారాయి. మనం ఒక ఎమ్మెస్సీ ప్రాక్టికల్ మార్చలేమా?

పాత బ్యూరెట్ | బుధవారం, రాత్రి 8:00

అమ్మా, నీ కోపంలో న్యాయం ఉంది. సింకులో పోసిన తరంలో నేనూ ఉన్నాను.

అయినా ఒక మాట వినాలి. 100 గ్రాముల జింకుకు 2 గ్రాముల పాదరసం పడుతుంది. జాగ్రత్తగా చూసుకుంటే ఆ కాలమ్ మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అది లోహంలో ఇంకి ఉంటుంది, రోజూ కడిగి పారబోసేది కాదు. కడిగిన మొదటి నీళ్లను వేరే సీసాలో పట్టి పాదరసం వ్యర్థం అని రాసి దాచితే, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు అప్పగించవచ్చు. ఒలికితే గంధకం పొడి చల్లి ఎత్తాలి. క్రమశిక్షణ నేర్పే బదులు ప్రయోగాన్నే తీసేస్తే, +6 నుంచి +3 దాకా ఒక లోహం దిగిరావడం కళ్లతో చూసే అవకాశం పిల్లలకు పోతుంది.

ఎర్రనేల | బుధవారం, రాత్రి 8:25

క్రమశిక్షణ నేర్పే మీలాంటి వాళ్లున్న చోట సరే సార్. లేని చోట్ల సంగతే నా భయం. వెండి రిడక్టర్ ఉంది కదా, దాన్ని నేర్పవచ్చు.

పాత బ్యూరెట్ | బుధవారం, రాత్రి 8:40

ఉంది. దాని గురించి తీరిగ్గా రాస్తాను. ముందు ఈ అమ్మాయి రీడింగ్ ఏమైందో చూద్దాం.

స్వర్ణముఖి | గురువారం, సాయంత్రం 5:30

సార్, వచ్చింది! 25.7, 25.6, 25.7. బ్లాంక్ 0.15. తీసేస్తే 25.5 మీద నిలబడింది. మూడో రీడింగ్ చూసి బ్యూరెట్ ముందే కూర్చుండిపోయాను.

ఉంగరం, గాజులు తీసేశాను. కడిగిన నీళ్లు వేరే సీసాలో పట్టి లేబుల్ రాశాను.

ఒక అనుమానం. కాలమ్‌లో రంగులు జాగ్రత్తగా చూశాను. రంగు లేని ద్రావణం జింకును తాకగానే ముందు నీలం, కాస్త కిందికి గోధుమ, ఇంకా కిందికి పచ్చ. ఆ పచ్చ ఫెర్రిక్ ఆలమ్‌లో కలిసే చోట నారింజ ఎరుపు దారంలా విరిసి మాయమవుతోంది. కానీ లైబ్రరీలో ఇంకో పుస్తకం చూస్తే నీళ్లలో మాలిబ్డినం +3 లేత పసుపు అని ఉంది. ఏది నిజం?

పాకాల జంక్షన్ | గురువారం, రాత్రి 10:30

రెండూ నిజమే. మాలిబ్డినాన్ని ఇంత ఇష్టంగా చదవడానికి కారణం కూడా ఇదే.

ఇనుము +2, +3 అయాన్లు పలుచని ఆమ్లంలో చాలావరకు ఒంటరిగా, చుట్టూ నీటి అణువులతో ఉంటాయి. మాలిబ్డినం అలా కాదు, జతలు కడుతుంది. +3 స్థితిలో ఒంటరి అయాన్, చుట్టూ ఆరు నీటి అణువులు ఉంటే అది లేత పసుపే. కానీ దాన్ని తయారుచేయడానికి వేరే దారి పట్టాలి, గాలి అసలు తగలకూడదు. జింకు అమాల్గం కాలమ్ నుంచి దిగేది ఒంటరిది కాదు. రెండు మాలిబ్డినాలు హైడ్రాక్సైడ్ వంతెనలతో ముడిపడిన జంట. దాని రంగు నీలం కలిసిన పచ్చ.

మిగతా మెట్లు కూడా ఇంతే. +5లో ఆక్సైడ్ వంతెనలతో ఇద్దరు, పసుపు నుంచి నారింజ. +4లో ముగ్గురు త్రికోణంగా, ఎరుపు. +2లో రెండు మాలిబ్డినాల మధ్య నాలుగు బంధాలు, దాని జల అయాన్ కూడా ఎరుపే. ఇంకో తమాషా, +5నే గాఢ హెచ్‌సీఎల్‌లో పెడితే ఒంటరిదై మరకత పచ్చగా మారుతుంది. అందుకే "పచ్చ వచ్చింది కాబట్టి +3" అని ఎప్పుడూ అనుకోకండి. ఏ ఆమ్లం, ఎంత గాఢత అన్నది చెప్పకుండా మాలిబ్డినం రంగు చెప్పడం అర్థం లేని మాట.

నువ్వు పైన చూసిన నీలం వేరే సంగతి. కొన్ని పరమాణువులు +6లో, కొన్ని +5లో ఒకే గుంపులో ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతుంటుంది. ఆ దూకుడు ఎర్ర కాంతిని మింగేస్తుంది, మనకు నీలం మిగులుతుంది.

ఎర్రనేల | శుక్రవారం, ఉదయం 9:15

ఆ నీలమే నాకు రోజూ అన్నం పెడుతోంది.

రైతు తెచ్చిన మట్టిలో మొక్కకు అందే భాస్వరం ఎంతుందో తెలుసుకోవడానికి ఓల్సెన్ పద్ధతిలో సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో, పీహెచ్ 8.5 దగ్గర మట్టిని కలిపి వడగడతాం. అందులో అమ్మోనియం మాలిబ్డేట్, ఆమ్లం వేస్తే ఒక్కో ఫాస్ఫేట్ చుట్టూ పన్నెండు మాలిబ్డినాలు గూడు కడతాయి. దానికి ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే మనం చప్పరించే విటమిన్ సి, చేరిస్తే నీలం తేలుతుంది. ఎంత భాస్వరం ఉంటే అంత ముదురు నీలం. అది మెల్లటి క్షయకరణి (ఎలక్ట్రాన్లు ఇచ్చేది) కావడమే ఇక్కడ కిటుకు. గూడు కట్టిన మాలిబ్డినం మాత్రమే నీలం కావాలి, పక్కన ఖాళీగా తిరిగే మాలిబ్డేట్ కదలకూడదు. జింకు అమాల్గం లాంటి బలమైనది వేస్తే అంతా కలిసి కిందికి జారిపోతుంది, కొలవడానికి ఏమీ మిగలదు. ఆమ్లం తగ్గినా భాస్వరం లేకుండానే నీలం వచ్చేస్తుంది. ఆ తప్పు నేనొకసారి చేశాను. శనక్కాయ చేను మట్టి అంతా భాస్వరంతో నిండి ఉన్నట్టు వచ్చింది. రైతు చేతికి భూసార కార్డు పోకముందే బ్లాంక్ చూసి పట్టుకున్నాను.

శనక్కాయ అన్నాను కాబట్టి ఇంకోటి. పలమనేరు వైపు ఎర్ర నేలల్లో కొన్ని ఆమ్ల గుణంతో ఉంటాయి. జింకు, ఇనుము, మాంగనీసు లాంటివి ఆమ్ల నేలలో మొక్కకు బాగా అందుతాయి. మాలిబ్డినం దీనికి తిరగబడి ఉంటుంది, నేల ఆమ్లంగా ఉంటే మట్టికే అతుక్కుపోతుంది. శనక్కాయ వేరు బుడిపెల్లో గాలిలోని నైట్రోజన్‌ను పట్టే ఎంజైముకు మాలిబ్డినం కావాలి. అది కావలసింది చాలా తక్కువ, కానీ అది కూడా అందకపోతే ఆకు పాలిపోతుంది, చూసినవాళ్లు యూరియా వెయ్యమంటారు. మన తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ధరణి రకం వేసినా, ఇంకేది వేసినా, బుడిపెకు ఈ అవసరం తప్పదు. సున్నం వేసి ఆమ్లం తగ్గిస్తే నేలలో ఉన్న మాలిబ్డినమే చాలాసార్లు విడుదలవుతుంది.

కపిలతీర్థం | శుక్రవారం, మధ్యాహ్నం 12:40

అక్కా, ఆ బుడిపెలో మాలిబ్డినం కూడా క్షయకరణమే చేస్తోందా? మన కాలమ్‌లాగా?

పాకాల జంక్షన్ | శుక్రవారం, రాత్రి 11:15

కపిలతీర్థం తమ్ముడు అడిగినదే నా థీసిస్‌కు మూలం, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తే క్షమించండి.

నైట్రోజినేజ్ ఎంజైములో ఏడు ఇనుములు, తొమ్మిది గంధకాలు, ఒక మాలిబ్డినం, నట్టనడుమ ఒక కార్బన్ ఉన్న గుత్తి ఉంటుంది. ఆ నడుమది కార్బన్ అని 2011లో గానీ తేలలేదు. ఒక నైట్రోజన్ అణువును రెండు అమోనియాలు చేయడానికి ఎనిమిది ఎలక్ట్రాన్లు, పదహారు ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చవుతాయి. మట్టిలో, మామూలు వేడి దగ్గర. ఫ్యాక్టరీలో ఇదే పనికి 400 డిగ్రీలు దాటాలి, వంద వాతావరణాలకు మించి పీడనం పెట్టాలి.

మనుషులు ఫ్లాస్కులో దీన్ని చేయాలనుకున్నప్పుడు మాలిబ్డినం వైపు చూడడం సహజం. 1969లో జపాన్‌లో హిదాయి బృందం మాలిబ్డినానికి నైట్రోజన్ అణువును అతికించింది. ఆ కుటుంబంలో చాలా సమ్మేళనాలను తయారుచేసే పద్ధతి ఇలా ఉంటుంది: మాలిబ్డినం క్లోరైడ్, ఫాస్ఫీన్, టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణి, పైన నైట్రోజన్ వాయువు, కింద సోడియం అమాల్గం లేదా మెగ్నీషియం. అమాల్గం ఎలక్ట్రాన్లు ఇస్తూ మాలిబ్డినాన్ని సున్నా స్థితికి దించుతుంది. చుట్టూ ఖాళీ ఏర్పడగానే నైట్రోజన్ వచ్చి కూర్చుంటుంది. నేను చేసేది ఇదే. అమాల్గం పైన ద్రావణం మూడు గంటల్లో ముదురు గోధుమ నుంచి నారింజకు తిరుగుతుంది. ఆ మూడు గంటలూ స్టిర్రర్ ఆగకూడదు. కరెంటు పోతే పాదరసం అడుగున పలకలా పరుచుకుంటుంది, పైనున్న ద్రావణం దానితో కలవకుండా అలాగే ఉండిపోతుంది.

2003లో యాండులోవ్, ష్రాక్ మాలిబ్డినం ఉత్ప్రేరకంతో గది వేడి దగ్గర, మామూలు పీడనంలో నైట్రోజన్‌ను అమోనియా చేశారు. ఒక్కో మాలిబ్డినానికి ఎనిమిది అణువుల దాకా వచ్చింది. 2019లో నిషిబయాషి బృందం సమారియం డైఅయొడైడ్‌ను క్షయకరణిగా, ఆల్కహాల్ లేదా నీటిని ప్రోటాన్ దాతగా వాడి 4 వేలు దాటించింది. ఎనిమిది నుంచి 4 వేలకు పోవడంలో మాలిబ్డినం చుట్టూ అతుక్కున్న అణువు, అంటే లిగాండ్, మార్పు ఒక సగం, సరైన క్షయకరణిని ఎంచుకోవడం ఒక సగం అని నా నమ్మకం. మరీ బలమైనదైతే ప్రోటాన్లతో కలిసి హైడ్రోజన్ అయిపోతుంది, మరీ మెల్లనిదైతే నైట్రోజన్ కదలదు. జోన్స్ కాలమ్‌లో పాదరసం తీర్చిన తగవు కూడా ఇదే కదా.

స్వర్ణముఖి | శనివారం, రాత్రి 7:50

మళ్లీ చిక్కుకున్నాను. నా అసలు శాంపిల్ మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి. రేణిగుంట రోడ్డులో బేరింగుల షాపులో కొన్నాను, గ్రీజులో కలిపే నల్ల పొడి. 0.14 గ్రాములు గాఢ నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి కాసేపు కాచి, కాలమ్‌లో పంపాను. ఫెర్రిక్ ఆలమ్ ఉంది, బ్లాంక్ తీశాను.

29.1 వచ్చింది. నూరు శాతం శుద్ధమైన పొడి అయినా 26.2 దాటకూడదు! రెండోసారి 29.6.

కపిలతీర్థం | శనివారం, రాత్రి 8:05

పొడిలో ఇనుము ఉందేమో అక్కా. జింకు దాన్నీ ఫెర్రస్ చేస్తుంది కదా.

పాత బ్యూరెట్ | శనివారం, రాత్రి 8:50

మంచి ఊహే, కానీ లెక్క వేసి చూడు. దాదాపు 2.9 ఎం.ఎల్. ఎక్కువ. అంత ఇనుము నుంచే రావాలంటే 16 మిల్లీగ్రాములు ఉండాలి. 140 మిల్లీగ్రాముల పొడిలో అంత ఇనుముంటే మాలిబ్డినం ఆ మేరకు తగ్గాలి కదా. కాలమ్‌కు పోకముందు ఒక చుక్క తీసి థయోసయనేట్ వేసి చూస్తే ఇనుము సంగతి తేలిపోతుంది, ఉంటే ఎర్రబడుతుంది.

నా అనుమానం నైట్రిక్ ఆమ్లం మీద. అమ్మా, "కాసేపు కాచి" అన్నావు. తెల్లటి దట్టమైన పొగ వచ్చేదాకా కాచావా?

స్వర్ణముఖి | శనివారం, రాత్రి 9:00

లేదు సార్. గోధుమ పొగ ఆగగానే దించేశాను. థయోసయనేట్ ఇప్పుడే చూశాను, లేత గులాబీ కూడా రాలేదు.

పాత బ్యూరెట్ | శనివారం, రాత్రి 9:30

దొరికింది. గోధుమ పొగ ఆగితే నైట్రిక్ ఆమ్లం పోయినట్టు కాదు. మిగిలిన నైట్రేట్‌ను జింకు అమాల్గం వదలదు, హైడ్రాక్సిలమీన్ దాకా దించుతుంది. అది ఫ్లాస్కులోకి దిగి పర్మాంగనేట్‌ను తింటుంది. నువ్వు మాలిబ్డినం అనుకుని దాన్ని కూడా లెక్కపెట్టావు.

ఫ్యూమ్‌హుడ్‌లో తెల్లటి పొగ దట్టంగా లేచేదాకా కాచు. పూర్తిగా చల్లార్చి, గిన్నె గోడలను కొద్ది నీటితో కడిగి, మళ్లీ తెల్ల పొగ దాకా కాచు. ఈ రెండోసారి మానొద్దు, గోడలకు అంటిన నైట్రేట్ పోయేది అప్పుడే.

ఇక ఎర్రనేల అమ్మకు బాకీ ఉన్న వెండి సంగతి. మాలిబ్డినాన్ని తిరుమల కొండ దిగే మనిషి అనుకోండి. జింకు అమాల్గం చెయ్యి పట్టుకుని అలిపిరి దాకా దించుతుంది. వెండి మోకాళ్ల పర్వతం దగ్గరే వదిలేస్తుంది, అంటే +5 దగ్గర. 2 మోలార్ హెచ్‌సీఎల్‌లో, 60 నుంచి 80 డిగ్రీల వేడితో పంపితే సరిగ్గా ఒక్క మెట్టే దిగుతుంది. గాలికి అంత భయం లేదు, ఫెర్రిక్ ఆలమ్ అక్కర్లేదు. టైటేనియం, క్రోమియం ఉన్నా వెండి వాటిని ముట్టదు. జింకు అన్నిటినీ లాగేస్తుంది. శాంపిల్‌లో రెండు మూడు లోహాలుంటే వెండే మేలని నేను కూడా ఒప్పుకుంటాను.

కష్టం ఒక్కటే. ఒకే ఎలక్ట్రాన్ కాబట్టి అదే బరువుకు బ్యూరెట్ రీడింగ్ మూడో వంతే వస్తుంది, చిన్న తప్పు పెద్దగా కనిపిస్తుంది. హెచ్‌సీఎల్ ఉంది కాబట్టి పర్మాంగనేట్ బదులు సెరిక్ సల్ఫేట్ వాడాలి, అది ఖరీదు. వాడేకొద్దీ వెండి మీద సిల్వర్ క్లోరైడ్ నల్లగా పైనుంచి కిందికి పాకుతుంది. ముప్పాతిక పాకాక పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి ఒక జింకు కడ్డీ తాకించి ఉంచితే మళ్లీ వెండి అవుతుంది.

ఎర్రనేల | ఆదివారం, ఉదయం 7:30

సార్, ఇంత న్యాయంగా రాశాక నేను మొండికేయను. +3 చూడాల్సిన చోట ఒక్క జింకు కాలమ్, దానికి ఒక పుస్తకం, ఎవరు వాడారో సంతకంతో. మిగతా అన్నిటికీ వెండి. దీనికి నేను సరే.

స్వర్ణముఖి | మంగళవారం, రాత్రి 8:10

రెండుసార్లు తెల్ల పొగ దాకా కాచాను. బ్లాంక్ తీసేశాక 25.4, 25.4, 25.3. అంటే షాపు పొడి దాదాపు 97 శాతం శుద్ధం. డబ్బా మీద 98 అని ఉంది.

సార్, వెండి కాలమ్ కూడా కట్టి రెండింటినీ పక్కపక్కన పోల్చాలని ఉంది. కానీ సిల్వర్ నైట్రేట్ కొనడానికి నా దగ్గర అంత డబ్బు లేదు.

ఎర్రనేల | మంగళవారం, రాత్రి 8:30

కొనకమ్మా. క్లోరైడ్ టైట్రేషన్లలో మిగిలిన సిల్వర్ క్లోరైడ్ బురద నేను మూడేళ్లుగా గోధుమ రంగు సీసాల్లో దాచాను. జింకు, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో లోహం చేసి, నైట్రిక్‌లో కరిగించి, ఆ ద్రావణంలో రాగి పలక పెట్టి కలుపుతూ ఉంటే కాలమ్‌కి సరిపోయే వెండి రవ్వ రాలుతుంది. శుక్రవారం తిరుపతిలో పని ఉంది, పొద్దున బస్సుకి తెస్తాను. రాగి పలక నువ్వు చూసుకో.

నీవా తీరం | మంగళవారం, రాత్రి 9:05

రాగి పలక నా దగ్గర ఉంది, పాతదే గానీ మందంగా ఉంటుంది. బూడిదతో తోమి బస్టాండుకి తెచ్చి మేడమ్‌కి ఇస్తాను.